తేదీ లేని కార్డు

బల్ల మీద యుద్ధాలు: సందేహాలు – సమాధానాలు

ఈసారి ఉత్తరాలన్నీ తిరిగి తిరిగి ఒకే చోటికి వచ్చాయి. బొమ్మలకు రంగులేయడం గురించి ఇద్దరే అడిగారు. మిగతావాళ్లంతా కార్డుల గురించి, చూస్తుండగానే మారిపోయే నియమాల గురించి రాశారు. అందుకే ఈ సంచిక పూర్తిగా వాటికే ఇచ్చాను.

కొత్తగా చదువుతున్నవారికి ఒక్క మాట. ఈ ఆటల్లో వేలెడంత సైనికులనో, అరచేతిలో పట్టే అంతరిక్ష నౌకలనో బల్ల మీద నిలబెట్టి, కొలిచి జరిపి, డైస్ వేసి పోరాడతాం. బొమ్మ ఎంత దూరం నడుస్తుంది, ఎంత గట్టిగా కొడుతుంది, ఎన్ని దెబ్బలకు పడిపోతుంది అన్నవి దాని పక్కన పెట్టుకునే కార్డు చెబుతుంది. ఆ కార్డు పాతబడిన రోజున చిక్కు మొదలవుతుంది.

*

సార్, నేనూ మా ఫ్రెండూ ప్రతి ఆదివారం వార్‌హ్యామర్ 40,000 ఆడతాం. మొన్న నేను కార్డు చూసి చదివాను, వాడు ఫోన్ చూసి చదివాడు. రెండూ వేరేగా ఉన్నాయి. నాది డబ్బు పెట్టి కొన్న, అచ్చయిన కార్డు. వాడిది పీడీఎఫ్. ఏది చెల్లుతుంది? ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా సరిగ్గా మాటల్లేవు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

ముందు మీ స్నేహితుడికి ఫోన్ చేయండి. తర్వాత మిగతాది చదవండి.

అతను చూసింది కంపెనీ స్వయంగా ఇచ్చిన పీడీఎఫ్ అయి, దాని తేదీ మీ కార్డు తర్వాతిదైతే, చెల్లేది అదే. డబ్బు పెట్టి కొన్నానన్న మీ బాధ న్యాయమైనదే. అచ్చులో ఉన్న మాటకు మనం ఇచ్చే గౌరవమూ చిన్నది కాదు. కానీ ఈ ఆటల్లో కార్డు అంటే, ఫలానా రోజున నియమం ఇలా ఉంది అని తీసిపెట్టిన నకలు. పాత రైల్వే టైమ్‌టేబుల్‌లో అబద్ధం ఉండదు, ఆ ఏడాది సంగతి ఉంటుంది. ఇదీ అంతే.

మార్పులన్నీ ఒక్క తీరుగా రావు. కార్డు మీది మాటే మారడం ఒకటి. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తారు చూడండి, దాని లాంటిది. మాట అలాగే ఉండి, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో కంపెనీ వివరించడం ఇంకొకటి. అన్నిటికన్నా తరచుగా మారేవి పాయింట్లు. ఇద్దరూ సమానమైన పాయింట్లకు సైన్యం కట్టుకుంటారు కాబట్టి, ఒక బొమ్మ అతిగా గెలిపిస్తోందనిపిస్తే కంపెనీ దాని పాయింట్లు పెంచుతుంది, ఎవరూ ఆడించడం లేదంటే తగ్గిస్తుంది. ఈ తిప్పలు పడలేకే ఫాంటసీ ఫ్లైట్ గేమ్స్ వాళ్లు 2012లో ఎక్స్-వింగ్ అనే అంతరిక్ష నౌకల ఆట కార్డుల మీద వేసిన పాయింట్లను 2018లో రెండో ఎడిషన్ తెచ్చినప్పుడు పూర్తిగా తీసేశారు. మీ ఆటలోనూ 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో పాయింట్లను మ్యునిటోరమ్ ఫీల్డ్ మాన్యువల్ అనే విడి పీడీఎఫ్‌లో ఇచ్చారు. మారే అంకెను కార్డు మీద అచ్చు వేయకపోవడం ఈ రంగంలో జరిగిన మంచి పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

వీటన్నిటికన్నా కష్టమైనది ఇంకోటుంది. కార్డు మీద ఒక్క అక్షరం మారదు, కానీ దాని అర్థం వేరేచోట మారిపోతుంది. పదో ఎడిషన్‌లో కొన్ని ఆయుధాల పక్కన 'డెవాస్టేటింగ్ వూండ్స్' అని ఉంటుంది. జూన్ 2023లో ఆట వచ్చినప్పుడు, ఆ దెబ్బకు ఒక సైనికుడు చనిపోగా మిగిలినది పక్క సైనికుడికి పాకేది. అదే ఏడాది సెప్టెంబరు సవరణతో అది పాకడం ఆగిపోయింది. కార్డు మీద ఉన్నది ఆ రెండు మాటలే కాబట్టి జూన్ కార్డు, సెప్టెంబరు కార్డు పక్కపక్కన పెట్టినా తేడా కనిపించదు. ఆట మాత్రం తలకిందులైంది. మీ ఇద్దరి మధ్య వచ్చినది ఇలాంటి తేడాయేమో చూసుకోండి.

నా పద్ధతి చెబుతాను. కార్డు వెనక, దానికి తొడిగే ప్లాస్టిక్ స్లీవ్ లోపల, బొటనవేలంత కాగితం ముక్క పెడతాను. దాని మీద ఒక తేదీ మాత్రమే ఉంటుంది: ఈ కార్డును కంపెనీ తాజా మాటతో చివరిసారి సరిచూసిన రోజు. సవరణ వచ్చినప్పుడు పాత తేదీ కొట్టేసి కొత్తది రాస్తాను. కార్డు మారకపోయినా సరే, చూశాను, మారలేదు అని తెలియడం కోసం రాస్తాను. తేదీ లేని కార్డును బల్ల మీద పెట్టను.

రెండో పని ఆటకు ముందు. చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడేముందు, 'మీ ఇంట్లో లోపలి గళ్లలోకి వెళ్లాలంటే ఒక్క కాయనైనా చంపి ఉండాలా, అక్కర్లేదా?' అని అడిగేవాళ్లం. ఇంటింటికీ నియమం వేరు, అందుకే గవ్వలు వేయకముందే తేల్చుకునేవాళ్లం. ఇక్కడా మొదటి డైస్ పడకముందే 'ఏ తేదీ దాకా వచ్చిన సవరణలతో ఆడుతున్నాం?' అని ఒక్కమాట అనుకోండి. అనుకోవడం మరచిపోయి ఆట మధ్యలో తేడా బయటపడితే, ఎలా మొదలుపెట్టారో అలాగే ముగించండి. సగం యుద్ధం ఒక నియమంతో, సగం ఇంకో నియమంతో నడిస్తే గెలిచినవాడికీ తృప్తి ఉండదు.

*

బెంగళూరులో ఒకాయన ఆట మానేస్తూ ఎక్స్-వింగ్ ఓడలు, రెండు వార్‌హ్యామర్ పుస్తకాలు అమ్మితే కొన్నాను. కార్డులు కట్టలు కట్టలుగా రబ్బరు బ్యాండ్లు వేసి ఇచ్చారు. ఒకే పైలట్ కార్డు రెండు రకాలుగా ఉంది. పుస్తకంలోని కోడ్ యాప్‌లో వేస్తే తీసుకోవట్లేదు. మోసపోయానా?
– ఒక పాఠకుడు, విజయవాడ

మోసమేమీ లేదండి. మొదట ఆ రబ్బరు బ్యాండ్లు తీసేయండి. మీ ఊరి ఎండలకు అవి కరిగి కార్డు అంచుకు అతుక్కుంటాయి, లాగితే అచ్చు లేచొస్తుంది. ఇప్పటికే అతుక్కున్నవి ఉంటే గోటితో గీకకండి. చల్లబడి గట్టిపడ్డాక వంచితే పొరలుగా విడిపోతాయి.

ఇక వేరుచేయడం. పైలట్ కార్డు మూలన పాయింట్ల అంకె ఉంటే అది 2012 నాటి మొదటి ఎడిషన్, లేకపోతే రెండోది. ఓడకు అదనంగా తగిలించే అప్‌గ్రేడ్ కార్డులైతే సైజు చూస్తే చాలు. మొదటి ఎడిషన్‌వి చిన్నవి, 41 మిల్లీమీటర్ల వెడల్పు, 63 పొడవు. రెండో ఎడిషన్‌వి పేకముక్కంత ఉంటాయి. ఓడలు రెండింటికీ అవే. 2018లో పాత ఓడలున్నవాళ్ల కోసం కొత్త కార్డులు, అట్ట డయళ్లు కలిపి కన్వర్షన్ కిట్లు అమ్మారు. మీకు అమ్మినాయన అవి కొన్నట్టున్నారు, అందుకే రెండు రకాలు వచ్చాయి. రెండింటినీ రెండు డబ్బాల్లో పెట్టండి, ఒకటి పారేయాలన్న ఆలోచన మాత్రం రానీయకండి. ఎందుకో చివరి ఉత్తరంలో చెబుతాను.

ఆ చిన్న కార్డుల్లో 'టై/ఎక్స్1' అన్నది ఉందేమో వెతకండి. డార్త్ వేడర్ నడిపే టై అడ్వాన్స్‌డ్ ఓడ 2012లోనే వచ్చింది, కానీ బలానికి మించిన పాయింట్లు కావడంతో పోటీల్లో దాన్ని తెచ్చేవాళ్లు తక్కువ. పాయింట్లు కార్డు మీద అచ్చయిపోయాయి కదా, తగ్గించే దారి లేదు. దాంతో ఆ ఓడను బాగుచేసే కొత్త కార్డు ఒకటి తయారుచేసి, 2015లో ఇంపీరియల్ రైడర్ అనే పెద్ద ఓడ పెట్టెలో పెట్టారు. దాని ధర దాదాపు వంద డాలర్లు. ఒక్క అట్టముక్క కోసం ఆ పెట్టె కొన్నవాళ్లున్నారు. నియమాలు మాటిమాటికీ మారుతున్నాయని విసుక్కునేవాళ్లకు నేను ఈ సంగతి గుర్తుచేస్తుంటాను. డబ్బు అడగకుండా పీడీఎఫ్‌తో సరిదిద్దడం ఆటగాడికి ఎంతో మేలు.

వార్‌హ్యామర్ కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, మొదటి యజమాని వాడేసి ఉంటారు. పుస్తకం చదువుకోవడానికి పనికొస్తుంది, యాప్‌లో మాత్రం తెరుచుకోదు. పదో ఎడిషన్ మూల నియమాలు ఉచిత పీడీఎఫ్‌గా ఇచ్చారు, ఆట నేర్చుకోవడానికి అవి చాలు. ఆ ఎడిషన్ మొదలైనప్పుడు అన్ని సైన్యాల కార్డులూ కూడా ఉచితంగానే ఇచ్చారు. ఆ తర్వాత ఏ సైన్యానికి కొత్త పుస్తకం వస్తే దానికి ఆ పుస్తకమే లెక్క. కాబట్టి మీ పుస్తకం మొదటి పేజీల్లో అచ్చయిన సంవత్సరం చూడండి. 2023కు ముందుదైతే అది పాత ఎడిషన్‌ది, పదో ఎడిషన్ ఆడేవాళ్ల బల్ల మీద చెల్లదు. ఈసారి ఎవరి దగ్గరైనా కొనేటప్పుడు 'కోడ్ వాడారా?' అని ఒక్కమాట అడిగి, తర్వాత ధర మాట్లాడండి.

*

సవరించిన కార్డుల పీడీఎఫ్ జెరాక్స్ షాపులో ప్రింట్ తీయించాను. కత్తిరించి పాత కార్డుతో పోలిస్తే చిన్నగా ఉన్నాయి, స్లీవ్‌లో అటూ ఇటూ జారుతున్నాయి. మూడుసార్లు తీయించినా అంతే. లామినేషన్ చేయిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

అమ్మా, లామినేషన్ వద్దు. ఆర్నెల్లకో ఏడాదికో మారే కార్డుకు చెరగని తొడుగు వేయిస్తే ఏం లాభం? సమస్య కాగితం సైజులో ఉంది.

ఈ కంపెనీల్లో చాలావరకు అమెరికాలో ఉన్నాయి. అక్కడి కాగితం పేరు లెటర్, 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన జెరాక్స్ షాపుల్లో ఉండేది ఏ4, 210 వెడల్పు, 297 పొడవు. షాపు కుర్రవాడు పీడీఎఫ్ తెరిచి నేరుగా ప్రింట్ కొడతాడు. కంప్యూటర్ ఆ ఆరు మిల్లీమీటర్లు ఇరికించడానికి పేజీ మొత్తాన్ని నూటికి మూడు వంతుల చొప్పున కుదిస్తుంది. 63.5 ఉండాల్సిన కార్డు వెడల్పు 61.7 అవుతుంది, 88.9 ఉండాల్సిన పొడవు 86.4కి వస్తుంది. మీ స్లీవ్‌లో జారుతున్నది ఆ తేడానే.

నిజానికి కుదించాల్సిన అవసరమే లేదు. పేజీకి తొమ్మిది కార్డులు, మూడు వరసల్లో మూడేసి ఉంటాయి. మూడు కార్డుల వెడల్పు కలిపితే 190.5, మూడింటి పొడవు 266.7. రెండూ ఏ4లో హాయిగా పడతాయి. కాబట్టి షాపులో ప్రింట్ కొట్టేముందు తెర మీద 'యాక్చువల్ సైజ్' అన్నచోట టిక్ పెట్టించండి. 'ఫిట్' అన్నచోట టిక్ ఉంటే తీసేయించండి. ఒక్క పేజీ మాత్రమే తీయించి, బ్యాగులో స్కూలు స్కేలు తీసుకెళ్లి అక్కడే కొలవండి. పొడవు 89 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మిగతా పేజీలకు సరేననండి.

కార్డు రెండు మిల్లీమీటర్లు తగ్గితే కంటికి బాగుండదు, అంతే. కొలబద్దలూ, జరిపే అచ్చులూ ప్రింట్ తీసుకునేవాళ్లకు మాత్రం అదే తప్పు ఆటనే మార్చేస్తుంది. ఆరంగుళాల బద్ద ఇలా కుదిస్తే నాలుగు మిల్లీమీటర్లు తగ్గుతుంది. అందాల్సిన బాణం అందదు. ఒకసారి ఒక ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు చెరో బద్దతో కొలుస్తూ గంటసేపు వాదించుకోవడం చూశాను. రెండు బద్దలూ పక్కపక్కన పెడితే గానీ తెలియలేదు, ఒకటి కుదించిన ప్రింట్ అని.

కాగితం కూడా ఖరీదైనది అక్కర్లేదు. మామూలు 75 జీఎస్ఎమ్ కాగితం మీద తీసి, కత్తిరించి, స్లీవ్‌లో పాత కార్డుకు ముందువైపు పెట్టండి. పాత కార్డు వెన్నెముకలా నిలబెడుతుంది, కొత్త కాగితం మాట చెబుతుంది. ఈసారి సవరణ వస్తే ఆ కాగితం తీసి ఇంకోటి పెడతారు. 66 × 91 మిల్లీమీటర్ల స్లీవ్‌లో రెండూ ఇబ్బంది లేకుండా పడతాయి.

*

సముద్రానికి దగ్గర్లో ఉంటాం. వానాకాలం వెళ్లేసరికి కార్డులు విల్లులా వంగిపోతున్నాయి, ఆల్బమ్ పేజీలకు అతుక్కుపోతున్నాయి. అమ్మ బీరువాలో చీరలకు పెట్టినట్టే వీటికీ కలరా ఉండలు పెట్టమంటోంది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

అమ్మగారి మాట చీరల వరకూ సరే, ఈ డబ్బాలో మాత్రం కలరా ఉండలు వద్దు. మన బొమ్మల్లో చాలావరకు పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌వి. మూసిన డబ్బాలో కలరా ఉండల ఆవిరి ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. బొమ్మల డబ్బా, కార్డుల డబ్బా వేరైనా ఒకే అరలో ఉంటే ప్రమాదమే. పురుగు పట్టకుండా బాగా ఎండిన వేపాకును బట్టలో మూటగట్టి పెట్టుకోండి.

అతుక్కునే పేజీలు పీవీసీవి అయ్యుంటాయి. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే పదార్థం మెల్లగా బయటికొచ్చి అచ్చు సిరాను పట్టుకుంటుంది. పాలీప్రొపిలీన్ పేజీలు అడిగి తెచ్చుకోండి. తేమకు, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు దాచి గాలి చొరని డబ్బాలో వేయండి. వంగిన కార్డులను స్లీవ్‌లో పెట్టి, బరువైన నిఘంటువు కింద వారం రోజులు ఉంచండి. ఇస్త్రీపెట్టె మాత్రం పెట్టకండి, అలా కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు.

*

అన్నా, మేం హాస్టల్లో వార్‌మెషీన్ ఆడతాం. దెబ్బలు స్లీవ్ మీద వైట్‌బోర్డు మార్కర్‌తో కొడతాం. ఏసీ లేదు, చెమట చేతికి గళ్లు చెరిగిపోయి రోజూ గొడవ. కొన్నేమో అసలు పోవు.
– హాస్టల్ విద్యార్థి, తిరుపతి

తమ్ముడూ, వార్‌జాక్ కార్డు మీద ఆరు నిలువు వరసల గళ్లుంటాయి కదా, నువ్వు చెబుతున్నది దాని గురించే. మధ్యాహ్నం ఆటలో మూడో టర్నుకు మణికట్టు తగిలి ఒక వరస మొత్తం తుడుచుకుపోవడం నేనూ చూశాను. ఏది కొట్టాం, ఏది కొట్టలేదు అన్నది ఇద్దరికీ గుర్తుండదు. కార్డును చేతి దారిలో ఉంచవద్దు, బల్ల అంచుకు అట్టముక్క ఆనించి నిలువుగా నిలబెట్టు. ఇంకా మంచిది, గాజు మీద రాసే మైనపు పెన్సిల్. చెమటకు చెదరదు, ఆట అయ్యాక గుడ్డతో గట్టిగా రుద్దితే పోతుంది.

పోని మరకల మీద అదే మార్కర్‌తో మళ్లీ రాసి, తడి ఆరకముందే తుడువు. కొత్త సిరాలోని ద్రావకం పాత మరకను కరిగించి తీసుకొస్తుంది. అప్పటికీ మిగిలితే శానిటైజర్ చుక్క వేసి తుడువు, కానీ స్లీవ్ మీదే. కార్డు మీద పడితే అచ్చు పోతుంది.

ఇంకో మాట. 2016లో మూడో ఎడిషన్, 2022లో నాలుగోది వచ్చాయి. మీ హాస్టల్లో సీనియర్లు వదిలేసి వెళ్లిన కార్డులు మూడోదో నాలుగోదో చూసుకోండి. రెండూ కలిపి ఆడితే ఎవరి జాక్ ఎంత బలమో తేలదు.

*

చేతిలో ఫోన్ ఉండగా ఇంకా కార్డులెందుకు?
– ఒక పాఠకుడు, గచ్చిబౌలి

ఫోన్ కూడా ఉండాలి. కాకపోతే యాప్ పాత మాటను చెరిపేసి కొత్తది రాస్తుంది, నిన్న ఏముందో చెప్పదు. రెండేళ్ల కిందటి ఆట మళ్లీ ఆడాలంటే దాని దగ్గర జవాబుండదు. ఎదుటివాడు మీ సైనికుడి బలం ఎంతో చూడాలనుకుంటే, మీ ఫోన్ తీసుకోవడానికి మొహమాటపడతాడు. కార్డైతే వంగి చదువుకుంటాడు. నాకు ఆ వంగి చదవడమే ఇష్టం.

*

మా కాలేజీ కుర్రాళ్లం ఇరవై మందితో ఒక పోటీ పెట్టాలనుకుంటున్నాం. పోటీ శనివారమైతే గురువారం సవరణ వస్తే ఏం చేయాలి? ఇంట్లో ప్రింట్ తీసిన కార్డులు ఒప్పుకోవచ్చా?
– ఒక విద్యార్థి, నల్లకుంట, హైదరాబాద్

గడువు తేదీ పెట్టు బాబూ. పోటీకి రెండు వారాల ముందు ఒక తేదీ ప్రకటించి, ఆ తర్వాత ఏ సవరణ వచ్చినా లెక్కలోకి రాదని మొదటి ప్రకటనలోనే రాయి. పరీక్ష ముందురోజు సిలబస్ మార్చడం ఎంత అన్యాయమో ఇదీ అంత. సవరణ మంచిదే కావచ్చు, ఒక బొమ్మ నిజంగానే ఆటను పాడుచేస్తుండవచ్చు. అయినా నెల రోజులు కూర్చుని సైన్యం కట్టుకున్న కుర్రాడి శ్రమను గురువారం రాత్రి తుడిచేయడం తగదు.

ప్రింట్ కార్డులకు రెండు రకాల జవాబు. పక్కన పెట్టుకుని చదివే కార్డులైతే తప్పకుండా ఒప్పుకో. తెలుపు నలుపు జెరాక్స్ అయినా ఫర్వాలేదు, అక్షరం కనపడి, తేదీ ఉంటే చాలు. కలిపి తీసే పేకలు వేరు. ఎక్స్-వింగ్‌లో ఓడకు తగిలిన దెబ్బలు తీసే 33 కార్డుల కట్ట, మాలిఫో ఆటలో డైస్‌కు బదులు వాడే 54 ముక్కల పేక, వార్‌హ్యామర్ అండర్‌వరల్డ్స్‌లో చేతిలోకి తీసుకునే కార్డులు, ఇవన్నీ కలిపి తిప్పి పెట్టేవి. వీటిలో ఒక్క ముక్క పల్చగా ఉన్నా, అంచు తేడాగా ఉన్నా, వేలికి తెలిసిపోతుంది. ఆ కుర్రాడు మోసం చేయాలనుకోకపోయినా అతని వేలు ఊరుకోదు. అందుకే కట్టలో ఒక్క ప్రింట్ ఉన్నా మొత్తం కట్టకు వెనకవైపు కనపడని ఒకే రంగు స్లీవులు, అన్నిటి లోపలా ఒకే మందం అట్ట ఉండాలని నియమం పెట్టు. పోటీకి ముందు కట్టను పక్కనుంచి చూడు. అంచులో గీత తేడా ఉంటే కనిపిస్తుంది.

తీర్పు చెప్పేవాడి దగ్గర ఒక్క ఫైలు ఉండాలి, గడువు తేదీ నాటి నియమాలన్నీ ప్రింట్ తీసి. వాదన వస్తే ఫోన్లు తీయవద్దు, ఆ ఫైలు తెరవండి. ఒకచోట పోటీలో తీర్పు చెప్పిన పెద్దమనిషి ఫోన్‌లో వెతుకుతుండగా గడియారం నడిచిపోయి, గెలవాల్సిన ఆట నా చేతిలోంచి జారింది. ఆయన తప్పు లేదు, ఫైలు లేకపోవడమే తప్పు.

*

మేం టెక్సస్‌లో ఉంటాం. మా నాన్నగారు తెనాలి నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. మా అబ్బాయికి పదకొండేళ్లు, మార్వెల్: క్రైసిస్ ప్రోటోకాల్ పిచ్చి. తాతా మనవలు కలిసి ఆడుకుంటున్నారు గానీ, కార్డులన్నీ ఇంగ్లీషు. నాన్నగారికి తెలుగులో కార్డులు రాసివ్వాలని ఉంది. ఎలా రాస్తే మంచిది?
– ఒక పాఠకురాలు, టెక్సస్

ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయానమ్మా.

మీ అబ్బాయి ఎంచుకున్న ఆట ఇందుకు చక్కగా కుదురుతుంది. డైస్ మీద అంకెలుండవు, బొమ్మలుంటాయి కాబట్టి భాషతో పని లేదు. వీరులను జరిపే దూరాలకు చిన్న, మధ్య, పెద్ద అని మూడు కొలబద్దలు చేతికే ఇస్తారు. సాధారణంగా ఒక్కో వీరుడికి ఒకే కార్డు, ముందువైపు బాగున్నప్పటి బలం, వెనకవైపు గాయపడ్డాక బలం. దెబ్బలు నిండితే తిప్పేస్తారు. నాన్నగారు రెండు ఆటలకే పట్టుకుంటారు.

రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. పేర్లను అనువదించకండి. 'పవర్'ను శక్తి అనో, 'డేజ్డ్'ను మూర్ఛ అనో మార్చాలనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది కూడా. కానీ రేపు సవరణ వచ్చినప్పుడు అది ఆ ఇంగ్లీషు పేరుతోనే వస్తుంది. అప్పుడు మీ కార్డుల్లో ఏది మార్చాలో మీకే దొరకదు. పైగా మనవడు 'డేజ్డ్' అని అరిస్తే తాతగారికి అందదు. పేరును తెలుగు అక్షరాల్లో అలాగే ఉంచి, కింద తెలుగులో వివరం రాయండి. 'డేజ్డ్: దెబ్బలు నిండాయి. ఈ రౌండులో ఇక ఏమీ చేయలేడు. రౌండు చివర కార్డు తిప్పాలి.' వాక్యం పొట్టిగా, క్రియ చివర, మన మాట తీరులో ఉండాలి. అక్షరం పెద్దది వేయండి, దీపం కింద చదువుకునే వయసు ఆయనది. మీ తెలుగు కాగితాన్ని అసలు కార్డు స్లీవ్‌లోనే వెనక దోపకండి, వెనకవైపు కూడా ఆటలో వాడతారు కదా. వేరే స్లీవ్‌లో పక్కన పెట్టండి, మూలన తేదీ వేయండి.

ఆ తేదీ వేసే పని నాన్నగారికే అప్పగించండి. నెలకోసారి మనవడు కంపెనీ ఇచ్చిన కొత్త కార్డులు చూసి ఏం మారిందో చెబుతాడు, తాతగారు తెలుగులో దిద్దుతారు.

*

ఎక్స్-వింగ్ ఆపేశారుగా. పదేళ్లుగా కూడబెట్టాను, రెండు ట్రంకు పెట్టెల కార్డులున్నాయి. కొత్త సవరణలు రానప్పుడు వీటిని ఉంచుకోవడం దేనికి? మా ఆవిడ పాత పేపర్లవాడికి వేసేయమంటోంది.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

అన్నయ్యా, వేయకండి.

2018లో రెండో ఎడిషన్ రాగానే మొదటి ఎడిషన్ కార్డులన్నీ నేను తూకానికి వేశాను. కొత్తవి ఉన్నాయి, పాతవి చెల్లవు, ఇల్లు చిన్నది. ఆ రోజు తక్కెడలో ఆ కట్టలు పడటం నాకింకా కళ్లముందే ఉంది. నాలుగేళ్లకు, 2022లో పాయింట్ల పద్ధతే మారింది, రెండు వందలకు కట్టుకునే సైన్యం ఇరవైకి వచ్చింది. మా బృందంలో కొందరికి అది నచ్చక పాత ఆటకే వెళ్దామన్నారు. ఓడలు అందరి దగ్గరా ఉన్నాయి. మొదటి ఎడిషన్ కార్డులు మాత్రం ఎనిమిది మందిలో ఒక్కరి దగ్గరే మిగిలాయి.

2020 చివర్లో ఈ ఆట ఫాంటసీ ఫ్లైట్ చేతిలోంచి అటామిక్ మాస్ గేమ్స్ చేతికి వెళ్లింది. జూన్ 2024లో వాళ్లు ఎక్స్-వింగ్‌నూ, ఆర్మడా అనే ఇంకో ఆటనూ ఇక ముందుకు తీసుకెళ్లబోమని చెప్పారు. బాధగానే ఉంది. కానీ మీరు అడిగిన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. కంపెనీ బతికున్నన్నాళ్లూ కార్డుకన్నా పీడీఎఫ్‌ది పైచేయి. కంపెనీ చేయి తీసేశాక ఆ పీడీఎఫ్ ఎన్నాళ్లు దొరుకుతుందో మన చేతిలో లేదు, మీ ట్రంకు పెట్టె మీ చేతిలో ఉంది. ఆటగాళ్ల బృందాలు ఇప్పటికే తమ తమ నియమాలతో ఈ ఆటను నడుపుతున్నాయి. ఎవరు ఏ నియమాలు రాసినా, పైలట్ పేరు, ఓడ బలం మీ కార్డు మీద ఉన్నవాటి నుంచే మొదలవుతాయి.

ఈ వారమే రెండు పనులు చేయండి. చివరి నియమాలు, చివరి పాయింట్లు, చివరి సవరణలు ఉన్న పీడీఎఫ్‌లు ఏవి దొరికితే అవి దించుకుని, ఫోన్‌లో వదిలేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లోనూ, ఇంకొకరి ఇంట్లో కంప్యూటర్‌లోనూ పెట్టండి. ఒక ప్రతి ఏ4 మీద, యాక్చువల్ సైజులో, ప్రింట్ తీయించి బైండింగ్ చేయించండి. ఇక మారదు కాబట్టి దీనికి మాత్రం మంచి కాగితం పెట్టండి, కావాలంటే అట్టకు లామినేషన్ కూడా.

తర్వాత పెట్టెల్లో మొదటి ఎడిషన్, రెండో ఎడిషన్ విడదీసి, ఒక్కో కట్ట మీద అది ఏ తేదీ దాకా చెల్లిందో కాగితం మీద రాసి పెట్టండి. ఆవిడ గారికి చోటు కావాలంటే రెండో పెట్టె మా ఇంటికి పంపండి. మొదటి ఎడిషన్‌ది అయితే మరీ మంచిది, మా బృందంలో ఏడుగురం దాని కోసం చూస్తున్నాం.